స్కూటరు ఆగితే దీపం ఆరే రోజులు

ప్రత్యేక సంచికకు పాత రోజుల గురించి ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. ఏం రాయాలా అని ఆలోచిస్తుండగా మా మనవడే విషయం అందించాడు. వసారాలో గోనెపట్టా కప్పి ఉంచిన నా పాత స్కూటరును బాగుచేయించి, ముందు నాలుగు అదనపు లైట్లు పెట్టుకుంటానన్నాడు. "ఇంజను నుంచి ఒక వైరు లాగితే సరిపోతుంది కదా తాతయ్యా" అన్నాడు. సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పాలంటే స్కూటరు దీపం చరిత్ర కొంత చెప్పుకోవాలి.

రెండవ ప్రపంచ యుద్ధంలో చితికిపోయిన ఇటలీలో, సామాన్యుడు కొనగలిగే బండిగా 1946లో పియాజియో కంపెనీ వెస్పాను తెచ్చింది. దాని రూపకర్త కొర్రాడినో దస్కానియో విమానాల ఇంజనీరు. మరుసటి ఏడాదే మిలాన్‌లోని ఇన్నోసెంటి కంపెనీ లాంబ్రెట్టాను తెచ్చింది. ఆ రెండూ మన దేశానికీ వచ్చాయి. 1950లలో బొంబాయిలో ఏ.పి.ఐ. కంపెనీ లాంబ్రెట్టాలు తయారుచేయడం మొదలుపెట్టింది. 1960ల మొదట్లో పూనా దగ్గర ఆకుర్డిలో బజాజ్ వారు వెస్పా లైసెన్సుతో తయారీ చేపట్టారు. 1971లో ఆ లైసెన్సు గడువు ముగియగా, 1972లో చేతక్ వచ్చింది. అదే ఏడాది లక్నోలో ప్రభుత్వ రంగంలో స్కూటర్స్ ఇండియా ఏర్పడింది. ఇన్నోసెంటి యంత్రాలతో అక్కడ తయారైనదే విజయ్ సూపర్. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడటం, కోటాలో పేరు వచ్చిందని తెలిసిన రోజు ఆఫీసులో స్వీట్లు పంచటం మన మిత్రులెవరూ మరచిపోయి ఉండరు.

ఆ తరం మామూలు స్కూటర్లలో చాలావాటికి బ్యాటరీ ఉండేది కాదు. 1955లో వచ్చిన వెస్పా జి.ఎస్. వంటి ఖరీదైన నమూనాల్లో ఉండేది. మిగిలినవాటికి మాగ్నెటోయే ఆధారం. ఇంజను తిరిగితే అయస్కాంతాలు బిగించిన ఫ్లైవీలు తిరుగుతుంది. లోపలి కాయిళ్లలో కరెంటు పుడుతుంది. అందులో కొంత ప్లగ్గుకు నిప్పురవ్వగా, కొంత దీపాలకు, హారనుకు పోతుంది. ఇది తెలివితక్కువ ఏర్పాటేమీ కాదు. బ్యాటరీ ఖర్చు లేదు, డిస్టిల్డు వాటరు పోసే పని లేదు. ఆర్నెల్లు మూలన పడి ఉన్నా నాలుగు కిక్కులు కొడితే బండి లేచేది.

అయితే దీపం మాత్రం ఇంజను ఊపిరి మీదే బతికేది. రేజ్ చేస్తే వెలుగు పెరిగేది, బండి నెమ్మదిస్తే గుడ్డిదయ్యేది. పైగా మాగ్నెటో ఇచ్చే కరెంటు కొలిచి పోసినట్లు ఉండేది. 6 వోల్టుల మీద హెడ్‌లైటుకు 25 వాట్లు, వెనక దీపానికి 5 వాట్లు అన్నట్లు లెక్కకు లెక్క సరిపోయేది. అందుకే ఒక బల్బు మాడితే దాని వాటా రెండో దాని మీద పడి అదీ మాడేది. మరో బల్బు తగిలిస్తే అన్నీ మసకబారేవి. మనవడి వైరు పనికిరాదన్నది ఇందుకే.

ఇంజను ఆగితే దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయేవి. దాని అర్థం నాకు 1978 వర్షాకాలంలో తెలిసింది. ఉయ్యూరులో బంధువుల ఇంట పెళ్లి చూసుకుని రాత్రి బెజవాడకు బయలుదేరాం. వెనక నా భార్య, ముందు నిలబడి మా నాలుగేళ్ల అబ్బాయి. కంకిపాడు చేరకముందే వాన పట్టుకుంది. రోడ్డు మీద నిలిచిన నీళ్లలో నేనే తొందరపడి పోనిచ్చాను. ప్లగ్గు తడిసి ఇంజను ఆగింది. ముందు దీపం, వెనక దీపం రెండూ పోయాయి. ఒక పక్క బందరు కాలువ, వెనక నుంచి లారీ వెలుగు. పిల్లవాణ్ణి దించేలోగా ఆ వెలుగు మీదికి వస్తున్నట్టే ఉంది. మా వెనకే నడుస్తున్న ఎడ్లబండి ఆసామి ఇరుసు కింద వేలాడుతున్న లాంతరు తీసి, రోడ్డు మీదికి వచ్చి పైకెత్తి ఊపాడు. లారీ పక్కకు తప్పుకుని పోయింది. ఎద్దులు నిలబడినా ఆరని దీపం ఆయన దగ్గర ఉంది. ఎంతో ఎదురుచూసి తెచ్చుకున్న నా స్కూటరుకు లేదు. ఆ ఆసామి పేరు అడగాలన్న ధ్యాస కూడా ఆ రాత్రి నాకు లేకపోయింది.

మరుసటి వారమే 6 వోల్టులు, 4 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ కొని ఎడమవైపు డిక్కీలో కదలకుండా బిగించాను. దానికి 3 వాట్ల ఎర్ర బల్బు, ఒక స్విచ్చి, ఒక ఫ్యూజు. 3 వాట్లంటే అర ఆంపియరు. కాగితం మీద 8 గంటలు వెలగాలి, ఆచరణలో ఐదారు గంటలు వచ్చేది. ఇంజనుతో దానికి సంబంధం పెట్టలేదు. మాగ్నెటో ఇచ్చేది దిశ మారుతూ ఉండే ఏ.సి. కరెంటు, బ్యాటరీకి కావలసింది డి.సి. రెండింటి మధ్య రెక్టిఫయరు ఉండాలి. పూర్వం అది సెలీనియం పలకలతో ఉండేది, తర్వాత సిలికాన్ డయోడ్లు వచ్చాయి. ఆ జంజాటం లేకుండా రెండు వారాలకోసారి బ్యాటరీ షాపులో చార్జి పెట్టించేవాణ్ణి. "స్కూటరుకు దేవుడి దీపం పెట్టాడు" అని ఆఫీసులో నవ్వేవారు. నవ్విన వారిలో ఇద్దరు తర్వాత అలాగే పెట్టించుకున్నారు.

మనవడు చూపిన ఫొటో ఇంగ్లండుది. 1960లలో అక్కడ మోడ్స్ అనే యువకులు వెస్పాల, లాంబ్రెట్టాల ముందు వరసలుగా లైట్లు, అద్దాలు బిగించుకునేవారు. 1979లో వచ్చిన క్వాడ్రోఫీనియా చిత్రంలో కథానాయకుడి లాంబ్రెట్టా అలాంటిదే. అన్ని లైట్లు ఒకేసారి వెలిగించడం ఆ చిన్న మాగ్నెటో వల్ల అయ్యే పని కాదు.

అందుకని ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. 35 వాట్ల హాలొజను బల్బులు నాలుగంటే 140 వాట్లు. 12 వోల్టుల మీద దాదాపు 12 ఆంపియర్లు. 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అరగంటకే చేతులెత్తేస్తుంది. 10 వాట్ల ఎల్.ఇ.డి.లు రెండయితే 1.7 ఆంపియర్లు చాలు. బ్యాటరీని సగానికి మించి వాడకుండానే సుమారు రెండు గంటలు వెలుగుతాయి. పాత వైరింగు జోలికి పోకుండా రెండు తీగలూ విడిగా లాగాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాలి, లైట్లు ఎదుటివారి కళ్లలో పడకుండా కిందికి వంచాలి అని చెప్పాను. ఇప్పటి బండ్లకు ఈ బాధ లేదు. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ, పగలైనా సరే, ముందు దీపం దానంతటదే వెలగాలని నిబంధన వచ్చింది.

లెక్కంతా విన్న మా ఆవిడ ఒకే మాట అడిగింది. "ముందువన్నీ సరే. వెనక దీపం ఏదిరా?" అని. మా అబ్బాయి, అంటే ఆ రోజు ముందు నిలబడిన నాలుగేళ్లవాడు, పక్కనే ఉన్నాడు. వాడికి ఆ రాత్రి గుర్తులేదు. వాడి కొడుకు మాత్రం మర్నాడే ఎర్ర ఎల్.ఇ.డి. ఒకటి తెచ్చి మొదట వెనక బిగించాడు. ఆ సాయంత్రం వీధిలో బండి నిలిపి ఇంజను ఆపి చూశాం. వెనక దీపం వెలుగుతూనే ఉంది.

మిత్రుల ఇళ్లలో ఇలాంటి పాత స్కూటర్లు ఉండే ఉంటాయి. పిల్లలు ముచ్చటపడి బయటకు తీస్తే వద్దనకండి. వెనక దీపం సంగతి మాత్రం దగ్గరుండి చూడండి.