దాతకు దక్కిన నాల్గవ వంతు

తరచుగా ప్రయాణించేవారిని విమానయాన సంస్థలు అంచెలుగా విభజిస్తాయి. పై తరగతిలో సీటు ఖాళీ ఉంటే పై అంచెవారికే ముందుగా ఇస్తాయి. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రారంభించిన పథకం తరువాత ఈ పద్ధతి విస్తరించింది. అయితే ఎక్కువ ఇచ్చినవారికి ప్రత్యేక స్థానం కల్పించడం కొత్త విషయం కాదని తిరుమల శాసనాల ద్వారా మీరు గ్రహించవచ్చు.

విజయనగర కాలంలో భక్తులు స్వామి నైవేద్యానికి ధనమో, గ్రామమో సమర్పించేవారు. ఆ ధనంతో ఆలయం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేది. పెరిగిన పంట రాబడితో నైవేద్యం జరిగేది. నివేదించిన ప్రసాదంలో సాధారణంగా నాల్గవ వంతు దాతకు చెందేది. శాసనాలు దీనిని 'విట్టవన్ విళుక్కాడు' అన్నాయి. దాత ఈ వాటాను ఇతరులకు బదలాయించవచ్చు. కొందరు దానిని యాత్రికులకు అన్నం పెట్టే రామానుజకూటాలకు ఇచ్చారు. ఎవరికెంత అన్నది ఆలయ గోడలపై చెక్కేవారు.

నేడు శ్రీవాణి ట్రస్టుకు 10,000 రూపాయలు విరాళమిచ్చినవారికి బ్రేక్ దర్శనం అవకాశం ఉంది. ఉచిత సర్వదర్శనానికి వచ్చినవారు కంపార్ట్‌మెంట్లలో గంటల తరబడి వేచి ఉంటారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: నాటి దాత వాటాలోను, నేటి బ్రేక్ దర్శనంలోను సామాన్య యాత్రికుడికి దక్కినదేమిటి? పోల్చి రాయండి.