మొల్ల ఎప్పుడు పూస్తుంది?

మన మొల్ల, తమిళుల ముల్లై ఒకే ద్రావిడ మాట. ఆతుకూరి మొల్ల పేరులో తప్ప అది ఇప్పుడు మన నోట అంతగా నలగదు. తమిళంలో మాత్రం ప్రేమకవిత్వంలో సగం బరువు ఆ మాట మీదే ఉంది.

ప్రాచీన తమిళ సంగం కవులు ప్రేమదశలను ఐదు తిణైలుగా విడదీసి వాటికి పూల పేర్లు, చెట్ల పేర్లు పెట్టారు. కురింజి కలయిక, నెయ్దల్ బెంగ, పాలై ఎడబాటు, మరుదం అలక. ఈ మరుదం మన మద్దిచెట్టే. వేశ్య ఇంటినుంచి తెల్లవారి వచ్చిన మగడికి తలుపు తీయని ఇల్లాళ్ళంతా దాని కిందికే వస్తారు. (యుద్ధానికీ పూల పేర్లే. ఎదురెదురు పోరుకు గుర్తయిన తుంబై మన తుమ్మిపువ్వు.)

ముల్లై అంటే ఎదురుచూపు. దానికి చెప్పిన భావం 'ఇరుత్తల్', ఓర్చుకుని ఉండటం. అయితే అది ఎదురుచూపుకే ఎందుకు అమరింది? వానలు మొదలయ్యేలోగా వస్తానని మగడు దండుతో వెళతాడు. వాన పడుతుంది, మందలు ఇల్లు చేరే మునిమాపు వేళ ముల్లై విచ్చుకుంటుంది. గడువు దాటిందని ఆమెకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఇలాంటి ఒక పాటలో చెలికత్తె నెపాన్ని రేలచెట్టు మీదికి నెడుతుంది: అకాలపు వానకు మోసపోయి పూసిందట, తెలివిలేని చెట్టు! ఎవరూ ఎవరికీ పువ్వు ఇవ్వలేదు, పంపలేదు. అది పూయడమే కబురు.

మన నిఘంటువులు మొల్లకు కుందమని అర్థమిస్తాయి. కుందం సంస్కృత కవులకు చలికాలపు పువ్వు, పలువరుసకు ఉపమానం. 'కుందరదన' అక్కడినుంచే వచ్చింది. మాట అదే, పువ్వు వేరు, రుతువూ వేరు. పళ్ళతో పోల్చడానికి పువ్వు తెల్లగా ఉంటే చాలు, ఎప్పుడు పూసిందన్న ప్రశ్నే రాదు. ఈ బేరంలో మనకు నష్టమే వచ్చిందని నా లెక్క.

వలపు వ్యవహారమంతా చివరికి మల్లె చేతిలో పడింది. శోభనపు గది మంచం మీదా అదే, సినిమా పాటలోనూ అదే. తమిళంలో కలయిక కురింజి సొత్తు. పన్నెండేళ్ళకోసారి కొండల మీద పూసే నీలకురింజి కన్నా, వేసవి సాయంత్రం మూర కొలిచి ఇచ్చే మల్లెదండ సులువే కదా!