పందెపు బాటపై గడియారము

మోటారు పందెమనగానే మనకు వేగము తలంపునకు వచ్చును. ఆ వేగమును కొలిచిన గడియారముల చరిత్రను నేడు మీకు మనవి చేసెదను. మన తిరునాళ్లలో బండలాగుడు పందెములు చూచిన పెద్దలకు ఇది క్రొత్త గాదు. ఎడ్లెంత బలిష్ఠములైనను, గడియారము పట్టుకొని కూర్చున్నవాని మాటయే గదా అచట చెల్లునది!

20వ శతాబ్దారంభమున ఇంగ్లండులో మోటారుబండి గంటకు 20 మైళ్లకు మించి పోరాదని శాసనముండెను. బండ్లను పరీక్షించుటకు చోటు లేక తయారుచేయువారు చిక్కుపడిరి. అప్పుడు హ్యూ లాక్ కింగ్ అను భూస్వామి సర్రే మండలమున బ్రూక్‌లాండ్సు అను చోట తన భూమిలో, తన సొమ్ముతో, కాంక్రీటు బాట నిర్మించెను. చుట్టుకొలత సుమారు 2¾ మైళ్లు. వెడల్పు 100 అడుగులు. మలుపులయందు బయటి అంచును చెరువుకట్టవలె దాదాపు 29 అడుగుల ఎత్తు లేపిరి. 1907 జూన్ 17వ తేదీన దానిని తెరచిరి. మొదట అంతయు గుఱ్ఱపు పందెముల మర్యాదయే. బండ్లకు అంకెలు లేవు. నడుపువారు జాకీలవలె రంగుల అంగీలు తొడిగిరి. దూరమునుండి దూసుకువచ్చు బండిలోని అంగీ రంగు పోల్చుట ఎవరి తరము? తరువాత అంకెలే వచ్చినవి.

అచట ఎబుల్‌వైట్ అను కాలగణకుడుండెను. మెల్లని బండిని ముందుగా, వడిగల బండిని వెనుకగా విడుచుట పద్ధతి. ఎంత వెనుకగా? అది తెలియుటకు ప్రతి బండియు ఒక చుట్టు ఎంతసేపటిలో తిరుగునో లెక్క కావలెను. అనగా సగము తీర్పు పందెమునకు మునుపే ఆయన గడియారములో ఉండెడిది.

1913 ఫిబ్రవరి 15న పర్సీ లాంబర్టు అను యువకుడు టాల్బట్ బండిలో ఒక్క గంటలో 103 మైళ్లకు పైగా తిరిగెను. గంటలో నూఱు మైళ్లు దాటినవారిలో అతడే ప్రథముడు. ఆ కీర్తి కొలదికాలమునకే ఇతరుల పాలయ్యెను. దానిని మరల గెలువగోరి ఆ యేటనే అక్టోబరు 31న అదే బాటపై పరుగిడగా, టైరు పగిలి బండి తలక్రిందులై మరణించెను. గడియారముతో పోటీపడువానికి ప్రక్కన ప్రత్యర్థి కానరాడు. ఇక చాలునని ఎవరు చెప్పగలరు?

1935 అక్టోబరు 7న జాన్ కాబ్ గంటకు 143.44 మైళ్ల వేగముతో ఆ బాటను చుట్టి వచ్చెను. పట్టినది సుమారు 69½ సెకండ్లు. మన లెక్కలో మూడు విఘడియలకు ఇంచుక తక్కువ. 1939లో యుద్ధము రాగా పందెములు ముగిసినవి. ఆ లెక్కను అచట మరెవరును మించలేదు.

ఐతే ఈ గడియారములకు ఒక లోపముండెను. చుట్టు మొత్తము ఎంతో చెప్పునే గాని, కాలము ఎచట జారిపోయెనో చెప్పదు. మలుపులోనికి ఉరుకుటయే వేగమని నడుపువాడు భ్రమించును. లెక్క చూడుడు: మలుపు మొదట 40 మీటర్లను గంటకు 70 కిలోమీటర్లకు బదులు 60తో పోయినచో నష్టము సెకండులో మూడవవంతు. అట్లు నెమ్మదించి, చక్కగా వెలువడి, తరువాతి కిలోమీటరును 100కు బదులు 104 వేగముతో పోగలిగినచో లాభము దాదాపు 1.4 సెకండ్లు! అందుచే బాటను భాగములుగా విడగొట్టి, ఒక్కొక్క భాగమునకు వేఱుగా కాలము కట్టు ఆచారము పుట్టినది. నేడు అఱచేతిలో పట్టు ల్యాప్ టైమరు ఉపగ్రహముల సంకేతములచే, వెనుకటి చుట్టుకంటె ఇప్పుడెంత ముందున్నదియు దారిలోనే చూపుచున్నది. దానిని బండి నడుపుచు చూచుటకంటె, ఆగినపిదప నీడను కూర్చుండి చదువుకొనుటయే మేలని నా అభిప్రాయము.

ఇంగ్లండులో నేడు సామాన్యులు రుసుము చెల్లించి పందెపు బాటలపై తమ బండ్లు నడుపుకొను దినములు కలవు. వానిలో పెక్కింట ఈ యంత్రము నిషిద్ధము. కాలము కట్టినంతనే అది పందెమగునని, పందెమునకు తమ పూచీ చెల్లదని భీమా కంపెనీల వాదము.