కరెంటు మోటారు నుంచి కుకీల ట్రే దాకా

బేకింగ్ సరంజామా అమ్మే దుకాణాల్లో చుట్టగా చుట్టిన పల్చటి రబ్బరు చాపలు కనిపిస్తుంటాయి. వాటిని ట్రేలో పరిచి, నెయ్యి గానీ నూనె గానీ రాయకుండానే బిస్కెట్లు కాల్చుకోవచ్చు. కడిగి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. సిలికోన్ బేకింగ్ మ్యాట్ అనే ఈ చాపను కొనాలా వద్దా అని తేల్చుకోవాలంటే, అది ఎవరి అవసరం కోసం పుట్టిందో ముందు చూడాలి.

పనికిరాదనుకున్న బంక

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ స్టాన్లీ కిప్పింగ్ అనే రసాయన శాస్త్రవేత్త ఇసుకలో ఉండే సిలికాన్ మూలకం మీద దశాబ్దాల తరబడి పరిశోధన చేశారు. ఆయన కోరుకున్నది శుభ్రమైన స్ఫటికాలు. గాజు పాత్రల అడుగున తరచూ మిగిలింది మాత్రం వదలని బంక. 1937లో అచ్చయిన ఉపన్యాసంలో, ఈ రంగంలో ఇప్పట్లో పెద్ద పురోగతి ఉంటుందన్న ఆశ కనిపించడం లేదని ఆయనే తేల్చేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలోని కార్నింగ్ గ్లాస్ కంపెనీకి అలాంటి బంకే కావాల్సి వచ్చింది. కరెంటు మోటార్ల తీగకు చుట్టే నూలు, కాగితం వేడెక్కితే మాడిపోయేవి. గాజును నారగా తీసి చుడితే మాడదు కానీ, ఆ నారను పట్టి ఉంచే జిగురు నిలిచేది కాదు. కార్నింగ్ రసాయన శాస్త్రవేత్త జేమ్స్ ఫ్రాంక్లిన్ హైడ్ కిప్పింగ్ రసాయనాన్ని అందుకుని, వేడిని తట్టుకునే సిలికోన్ జిగురు (రెజిన్) తయారుచేశారు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో యూజీన్ రోకో 1940లో సిలికోన్‌ను భారీగా తయారుచేసే దారి కనిపెట్టారు. 1943లో సిలికోన్ తయారీ కోసం డౌ కార్నింగ్ కంపెనీ ఏర్పడింది. సిలికోన్ మొదట యుద్ధ విమానాల ఇంజిన్లలోకి వెళ్లింది.

బేకరీలోకి

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ సరుకు రొట్టెల కార్ఖానాలకు చేరింది. అక్కడ వేల రొట్టె డబ్బాలకు వాయి వాయికీ కొవ్వు రాయాలి. అది పొయ్యిలో మాడి పొగలొచ్చేది. డబ్బా లోపల సిలికోన్ పూత వేస్తే ఆ బాధ తప్పింది. తర్వాత ఫ్రాన్స్‌లో రొట్టెల తయారీదారు గీ దెమార్ల్ పేరిట నడిచిన కంపెనీ, గాజు నార గుడ్డకు సిలికోన్ పట్టించి ‘సిల్‌పాట్’ చాపను తెచ్చింది. గాజు నార, దానికి పట్టిన సిలికోన్: మోటారు తీగ చుట్టూ కుదిరిన జోడీయే ఇదీ.

అప్పటికి బేకరీల్లో కాగితం ఉండనే ఉంది. 1847లో ఫ్రాన్స్‌లో పూమారేద్, ఫిగియే మామూలు కాగితాన్ని గంధకామ్లంలో ముంచి, నూనె పీల్చని గట్టి కాగితం చేశారు. ఇప్పుడు మనం కొనే బేకింగ్ పేపర్ మీద చాలావరకు సిలికోన్ పూతే ఉంటుంది. అంటుకోకుండా చూసే గుణం చాపదీ కాగితానిదీ ఒకటే. తేడా మన్నికలోనే.

లెక్క ఎక్కడ కుదురుతుంది?

ఒక చాప 600 రూపాయలు, ఒక కాగితం 8 రూపాయలు అనుకుందాం. 75 సార్లు వాడితే చాప ఖరీదు తిరిగొస్తుంది. ఒకే కాగితాన్ని రెండుసార్లు వాడే పొదుపరి ఇల్లాలికి 150 సార్లు కావాలి. వారానికోసారి కాల్చే ఇంట్లో అంటే దాదాపు మూడేళ్లు. ఇంటి దగ్గరే బిస్కెట్లు చేసి అమ్మేవారికి రోజుకు రెండు వాయిలైనా రెండున్నర నెలలే.

కాల్చేదేమిటన్నదీ చూడాలి. మన ఇళ్లలో ఓటీజీ (చిన్న కరెంటు పొయ్యి) కొన్నవాళ్లు ఎక్కువగా చేసేది కేకు. గుండ్రటి గిన్నెలో చాప ఇమడదు. కత్తిరిస్తే గాజు నార బయటపడుతుంది, ఇక దాన్ని పారేయాల్సిందే. కాగితమైతే గిన్నె కొలతకు కత్తిరించుకోవచ్చు. పెద్ద చాపలు విదేశీ ట్రేల కొలతకు చేసినవి, చిన్న ఓటీజీలో పట్టవు. కొనేముందు ట్రేను కొలవడం తప్పనిసరి.

ఉస్మానియా బిస్కెట్లు, నానఖటాయి వాయి మీద వాయి తీసేవారికి చాప బాగా కలిసొస్తుంది. అయితే కాగితం మీద కన్నా అడుగు కాస్త తక్కువ ఎరుపెక్కుతుంది, పిండి కొంచెం ఎక్కువ పరుచుకుంటుంది. కరకరలాడాలంటే ఇంకో నిమిషం ఉంచాలి. వేరుశనగ చిక్కీ పాకం పోస్తే గీకకుండా ఊడొస్తుంది. కానీ ముక్కలు చాప మీద కొయ్యకూడదు, పాకం కాస్త వెచ్చగా ఉండగానే చెక్క మీదకు మార్చుకోవాలి. ఈ ఒక్క పనికే అయితే నెయ్యి రాసిన స్టీలు పళ్లెం చాలు.

వాడకంలో రెండు జాగ్రత్తలు. చాలా చాపల హద్దు సుమారు 250 డిగ్రీల సెల్సియస్, పెట్టె మీద రాసినదే ప్రమాణం. మంట నేరుగా తగలకూడదు. నూనె జిడ్డు పేరుకుంటే వాసన పట్టి తర్వాతి వాయికి అంటుతుంది కాబట్టి గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బుతో వెంటనే కడగాలి. మడత పెట్టకుండా చుట్టి దాచాలి.

కాబట్టి వారానికి రెండు మూడు సార్లు ట్రేల కొద్దీ బిస్కెట్లు కాల్చే ఇంటికి చాప దండిగా గిట్టుబాటు. పుట్టినరోజుకొకటి, క్రిస్మస్‌కొకటి కేకు చేసే ఇంటికి కాగితం చుట్టే చవక. బేకరీ వాడకపు సరుకు బేకరీ అంత వాడేవారికే లాభం.