లెక్కకెక్కిన నెత్తురు

ఇరవై ఏళ్లుగా బళ్లో తెలుగు చెబుతున్నాను. మన కవిత్వంలో నెత్తురంటే త్యాగం, కాకుంటే తిరుగుబాటు అని పిల్లలకు వివరిస్తూ వచ్చాను. నెత్తుటి కణాలను లెక్కపెట్టి ఎవరికి మందివ్వాలో తేల్చిన చరిత్ర ఒకటుందని ఆలస్యంగా గ్రహించాను. అది ఎయిడ్స్ చరిత్ర. నేను చదివిన కథల్లో ఆ జబ్బు ఎక్కువగా పాపఫలంగానే కనిపించింది.

1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య వారపత్రిక లాస్ ఏంజిలిస్‌లో ఐదుగురు యువకుల జబ్బును ప్రకటించింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రవేత్తలు వైరస్‌ను గుర్తించారు. దేహరక్షణను నడిపించే సీడీ4 అనే తెల్లకణాలలో అది చొరబడుతుంది. ఆరోగ్యవంతుడి ఘనమిల్లీమీటరు నెత్తురులో ఇవి సాధారణంగా 500కు పైగా ఉంటాయి. 200కు దిగువన బలహీనమైన సూక్ష్మజీవి కూడా ప్రాణం తీయగలదు. మూలుగ దెబ్బతిని ఎర్రకణాలూ తగ్గవచ్చు.

1987లో వచ్చిన తొలి మందు జిడోవుడిన్. దాని పరీక్షలో మందు తీసుకున్న 145 మందిలో ఒకరు, తీసుకోని 137 మందిలో 19 మంది చనిపోయారు. అయితే మందు తీసుకున్నవారిలో నూటికి 24 మందికి హిమోగ్లోబిన్ 7.5 కంటే కిందికి పడిపోయింది. 21 మందికి పదేపదే నెత్తురెక్కించాల్సి వచ్చింది. ప్రాణం నిలిపిన మందే నెత్తురును పీల్చింది. కంపెనీ దానికి ఏడాదికి సుమారు 10,000 డాలర్ల ధర కట్టింది. ఆ రసాయనాన్ని 1964లో తయారుచేసినది మాత్రం ప్రజాధనంతో సాగిన పరిశోధన!

ఇక ఆ 200 సంగతి. 2001లో అమెరికా మార్గదర్శకాలు కణాలు 350కి దిగితే సాధారణంగా మందు ఇవ్వజూపమన్నాయి. పేదదేశాల కోసం 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, జబ్బు ముదిరిన లక్షణాలు లేనివారికి 200 దగ్గర గీత గీసింది. ఒకే నెత్తురు, రెండు గీతలు! 2001లో బొంబాయి సిప్లా కంపెనీ మూడు మందులను ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని ముందుకొచ్చింది. 2004 ఏప్రిల్ 1న మనదేశంలో ఉచిత చికిత్స మొదలైంది. గీత 2010లో 350కి, 2013లో 500కు జరిగి, 2015లో చెరిగిపోయింది. మనదేశం 2017లో దాన్ని అనుసరించింది.

శాస్త్రం సాక్ష్యాలు కూడబెట్టిన మాట నిజమే. కాని ధర దిగకుండా, రోగులు రోడ్డెక్కకుండా ఆ గీత కదిలేది కాదని నా అభిప్రాయం. వర్గం నెత్తుటి చుక్కలోకీ దూరుతుంది. ఈసారి నెత్తురని రాసే ముందు, 201 కణాలతో ఆస్పత్రి గుమ్మం నుంచి వెనక్కి నడిచిన మనిషిని తలచుకుందాం.