రేసు కారు కవచం పుట్టుపూర్వోత్తరాలు

కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి వంతెన మీదుగా ఎర్రవల్లి వైపు పోయే మామూలు కారుకూ, టూరింగ్ కార్ రేసులో పరిగెత్తే కారుకూ పుట్టిల్లు ఒకటే. ఫార్ములా వన్ బండ్లను మొదటి నుంచీ రేసు కోసమే తయారు చేస్తారు. టూరింగ్ కార్ రేసు అలా పుట్టలేదు. షోరూములో అమ్మే కారునే తెచ్చి, సీట్లు, తివాచీలు, ఏసీ పీకేసి, ఇంజన్‌కు బలం పెంచి ట్రాక్ మీదికి దించడంతో ఈ పోటీలు మొదలయ్యాయి. మన దేశంలో వీటిని సెలూన్ కార్ల పోటీలంటారు.

ఇవాళ ఆ రేసు కారు గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకున్నా డ్రైవర్ చాలాసార్లు తన కాళ్ల మీద తాను నడిచి బయటికొస్తాడు. అదే హైవే మీద అందులో సగం వేగంతో కల్వర్టును గుద్దిన కారులోంచి ఇంటికి చావు కబురు వెళుతుంది. సికింద్రాబాద్‌లో పుట్టిన నటుడు అజిత్ కుమార్ 2025 జనవరి 7న దుబాయ్‌లో 24 గంటల రేసుకు సాధన చేస్తుండగా ఆయన పోర్షే కారు గోడను ఢీకొని గిరగిరా తిరిగింది. ముందుభాగం నుజ్జయింది, ఆయనకు మాత్రం ఏమీ కాలేదు. కొద్ది రోజులకే అదే రేసులో ఆయన జట్టు తన విభాగంలో మూడో స్థానం గెలిచింది. డ్రైవర్‌ను కాపాడింది కారు లోపలి కవచం. ఆ కవచంలో చాలా భాగాలు ఎవరో ఒకరు ప్రాణం పోగొట్టుకున్నాకే పుట్టాయి.

బెల్టు వద్దనుకున్న రోజులు

బ్రిటన్‌లో సెలూన్ కార్ల ఛాంపియన్‌షిప్ 1958లో మొదలైంది. ఆస్ట్రేలియాలో 1960లో ఫిలిప్ ఐలాండ్‌లో మొదలైన 500 మైళ్ల రేసు 1963లో బాథర్స్ట్ కొండదారికి మారింది. ఇవాళ ప్రపంచమంతా ఎరిగిన బాథర్స్ట్ 1000 అదే. ఆ రోజుల్లో డ్రైవర్ ఒంటి మీద మామూలు చొక్కా, తల మీద పల్చటి హెల్మెట్ తప్ప రక్షణ ఏమీ లేదు. చాలామంది బెల్టు వద్దనేవారు. కారు పల్టీ కొడితే బయటికి విసిరేసినట్టు పడి బతకొచ్చని, బెల్టు కట్టుకుంటే లోపలే కాలిపోతామని వాళ్ల నమ్మకం. స్వీడన్ ఇంజనీరు నీల్స్ బోలిన్ వోల్వో కంపెనీలో భుజం మీదుగా వచ్చే మూడు బిందువుల బెల్టును 1959లోనే తయారు చేశాడు. అయినా ఫార్ములా వన్‌లో ఆరు బిందువుల బెల్టు తప్పనిసరి కావడానికి 1972 దాకా పట్టింది. డ్రైవర్లు మంటకు భయపడినంత కాలం బెల్టును నమ్మలేదు. మంట సంగతి తేలాకే బెల్టుకు విలువ వచ్చింది.

బెల్టుకు తోడు ఇనుప పంజరం కావాలి. డ్రైవర్ తల వెనుక ఒక్క కమ్మీతో మొదలై, పైకప్పు, స్తంభాలు, తలుపుల వెంట ఉక్కు గొట్టాల అల్లికగా అది పెరిగింది. కారు ఎన్ని పల్టీలు కొట్టినా పైకప్పు కిందికి కుంగదు. బెల్టు మనిషిని సీటుకు కట్టి ఉంచుతుంది, పంజరం ఆ సీటు చుట్టూ చోటును కాపాడుతుంది. రెండింటిలో ఏది లేకపోయినా రెండోది సగమే పనిచేస్తుంది.

మంటను బంధించిన సంచి

1964 మే నెలలో అమెరికాలోని షార్లెట్ ట్రాక్ మీద స్టాక్ కార్ రేసు వీరుడు ఫైర్‌బాల్ రాబర్ట్స్ కారు బోల్తా పడి పెట్రోలు అంటుకుంది. సాటి డ్రైవర్ నెడ్ జారెట్ పరుగెత్తుకొచ్చి అతన్ని బయటికి లాగాడు. కాలిన గాయాలతో జూలైలో రాబర్ట్స్ చనిపోయాడు. 1966లో బెల్జియంలోని స్పా ట్రాక్‌లో ఫార్ములా వన్ డ్రైవర్ జాకీ స్టీవర్ట్ పెట్రోలులో తడిసి కారులో ఇరుక్కుపోయాడు. స్టీరింగ్ విప్పడానికి సాటి డ్రైవర్లు ఒక ప్రేక్షకుడి దగ్గర స్పానర్ అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ తరువాత స్టీవర్ట్ ఒక స్పానర్‌ను కారులోనే అతికించుకుని తిరిగాడు. రేసుల్లో భద్రత కోసం ఆయనంత గట్టిగా పోరాడినవాళ్లు తక్కువ.

ఇలాంటి ప్రమాదాల నుంచే ఇంధన సంచి వచ్చింది. రేకు ట్యాంకు స్థానంలో, తూటా తగిలినా చిరగకుండా విమానాల కోసం తయారైన రబ్బరు బట్ట సంచిని 1960ల మధ్యలో అమెరికా రేసు కార్లలో పెట్టారు. లోపల స్పాంజి నింపుతారు. ఢీకొన్నప్పుడు సంచి నలుగుతుందే గానీ పగిలి చిమ్మదు. ఇవాళ అంతర్జాతీయ మోటారు సమాఖ్య ఎఫ్‌ఐఏ నిబంధనల్లో దానికి ఎఫ్‌టీ-3 అనే ప్రమాణం ఉంది. సంచికి వాడుక గడువు కూడా ఉంటుంది, అది తీరితే బాగానే కనిపిస్తున్నా వాడనివ్వరు. దానికి తోడు డ్రైవర్‌కు మంట అంటని నోమెక్స్ దుస్తులు, లోపల ఆర్పే గ్యాసు గొట్టాలు, బయట నిలబడ్డవాళ్లు కూడా నొక్కగలిగే కరెంటు కట్ స్విచ్చి వచ్చాయి. ఆస్ట్రేలియాలో 2011లో బార్బగాలో ట్రాక్ మీద రేసు మొదలవుతూనే ఆగిపోయిన కార్ల్ రైన్డ్లర్ కారును వెనుక కారు గుద్ది మంటలు లేచాయి. చేతులు, ముఖం కాలినా అతను బతికాడు. 2013 నుంచి అక్కడి కొత్త తరం కార్లలో ట్యాంకును వెనుక ఇరుసుకు ముందుకు జరిపారు.

అదే 2013లో, అక్టోబర్ 30 తెల్లవారుజామున, బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు బస్సు కొత్తకోట మండలం పాలెం దగ్గర కల్వర్టును ఢీకొంది. డీజిల్ ట్యాంకు పగిలి మంటలు రేగాయి. దీపావళికి ఇళ్లకు చేరాల్సిన 45 మంది సజీవ దహనమయ్యారు. ఆ ఊరు ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉంది. పన్నెండేళ్ల తరువాత, 2025 అక్టోబర్ 24న, ఇదే జాతీయ రహదారి 44 మీద హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న మరో బస్సు వనపర్తి, గద్వాల జిల్లాలు దాటి కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర కాలిపోయింది. ఒక మోటార్‌సైకిల్ బస్సు కింద ఇరుక్కుని మంట పుట్టింది. నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. రేసు ట్రాక్ అరవై ఏళ్ల కిందట నేర్చుకున్న పాఠాన్ని పాలమూరు మీదుగా పోయే ఈ దారి రెండోసారి చదవాల్సి వచ్చింది.

మెడ, తలుపు, గోడ

బెల్టు ఒంటిని పట్టి ఉంచుతుంది, తలను పట్టలేదు. గోడ తగిలిన క్షణంలో ఒళ్లు ఆగిపోతే తల ముందుకు విసురుగా పోతుంది, పుర్రె అడుగుభాగం విరుగుతుంది. 1981లో అమెరికాలోని మిడ్ ఒహాయో ట్రాక్‌లో రెనో 5 టర్బో కారు నడుపుతున్న పాట్రిక్ జాక్మార్ అలాగే చనిపోయాడు. అతని స్నేహితుడు, రేసర్ జిమ్ డౌనింగ్ ఈ సంగతిని తన బంధువు, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్ ముందు పెట్టాడు. అలా పుట్టింది హాన్స్ అనే మెడపట్టీ. భుజాల మీద బెల్టుల కింద కూర్చునే గట్టి కాలరు అది. దాని నుంచి రెండు తాళ్లు హెల్మెట్‌కు బిగిస్తారు. వస్తువు చేతికొచ్చినా చాలా ఏళ్లు డ్రైవర్లు ఇబ్బందిగా ఉందని పక్కన పెట్టారు. 2001 ఫిబ్రవరి 18న డేటోనా రేసు చివరి మలుపులో అమెరికా స్టాక్ కార్ డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ అదే గాయంతో చనిపోయాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ఆ రేసుల సంస్థ నాస్కార్ తల, మెడ పట్టీలను తప్పనిసరి చేసింది. 2003లో ఫార్ములా వన్ కూడా హాన్స్‌ను తప్పనిసరి చేసింది.

టూరింగ్ కారుకు పక్క నుంచి వచ్చే దెబ్బ మరీ ప్రమాదం. డ్రైవర్‌కూ అవతలి కారుకూ మధ్య ఉండేది ఒక్క తలుపు. 1995 మార్చిలో ఫిలిప్ ఐలాండ్‌లో గ్రెగ్ హాన్స్‌ఫర్డ్ కారు టైర్ల గోడకు కొట్టుకుని ట్రాక్ మీదికి తిరిగి రాగా మరో కారు వచ్చి గుద్దింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో బెర్లిన్ దగ్గర అవుస్ ట్రాక్‌లో కీత్ ఓడోర్ కారు తిరిగి అడ్డం పడగా మరో కారు తలుపు వైపు గుద్దింది. ఇద్దరూ చనిపోయారు. ఇవాళ టూరింగ్ కార్లలో సీటును తలుపుకు దూరంగా, కారు మధ్యకు జరిపి బిగిస్తున్నారు, తలుపు వైపు అడ్డ గొట్టాలు, నురుగు దిమ్మెలు పెడుతున్నారు.

ట్రాక్ కూడా మారింది. 1986లో బాథర్స్ట్‌లోని నిటారు దారిలో మైక్ బర్గ్‌మన్ కారు వంతెన కాలు దగ్గరి టైర్ల గోడను ఢీకొంది. ఆ రేసు చరిత్రలో అదే మొదటి డ్రైవర్ మరణం. మరుసటి ఏడాదికే ఆ నిటారు దారిలో వేగం తగ్గించే మలుపులు కట్టారు. అక్కడ ఆయన పేరు మీద గుర్తుగా ఫలకం ఉంది.

స్టీరింగ్ గంటలకు హద్దు

డ్రైవర్ అలసట కూడా ప్రమాదమే. ఫ్రాన్స్‌లో 1952 లే మాన్ 24 గంటల రేసులో పియర్ లెవెగ్ దాదాపు మొత్తం రేసు ఒక్కడే నడిపాడు. ముందంజలో ఉండి కూడా చివరి గంటల్లో ఇంజన్ పోగొట్టుకున్నాడు. మూడేళ్ల తరువాత అదే రేసులో జరిగిన ఘోర ప్రమాదంలో ఎనభై మందికి పైగా చనిపోయారు, వారిలో అతనూ ఒకడు. ఇవాళ ఆ రేసులో ఒక డ్రైవర్ ఏ ఆరు గంటల్లోనైనా నాలుగు గంటలకు మించి నడపకూడదు. మొత్తం మీద 14 గంటలకు మించకూడదు. గడియారం చూసి అధికారి లెక్క కడతాడు, మించితే శిక్ష పడుతుంది.

మన దేశంలో రవాణా కార్మికులకు ఇలాంటి హద్దును 1961లోనే చట్టంలో పెట్టారు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, ఐదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి. రాత్రంతా నడిపి తెల్లవారుజామున పాలమూరు దారి మీద స్టీరింగ్ పట్టుకున్న డ్రైవర్ గడియారాన్ని మాత్రం ఎవరూ చూడరు.

మన ట్రాక్‌ల మీద

భారతదేశంలో సెలూన్ కార్ల పోటీలు మద్రాసు దగ్గర షోళవరం విమానాశ్రయపు పాత రన్‌వే మీద పెరిగాయి. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ తరువాత ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది. 2023 జనవరి 8న అక్కడి సెలూన్ కార్ల జాతీయ పోటీలో 59 ఏళ్ల సీనియర్ డ్రైవర్ కె.ఇ. కుమార్ కారు మరో కారును తాకి ట్రాక్ దాటి కంచెను ఢీకొని తలకిందులైంది. వెంటనే ఎర్ర జెండాతో రేసు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లినా ఆయన దక్కలేదు. ఆ రోజు మిగతా పోటీలన్నీ రద్దు చేశారు. కవచం ఉన్నా చావును పూర్తిగా తప్పించలేమన్నది నిజం. అదే ఏడాది ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసుకు గోడలు, కంచెలు, వైద్య బృందాలు అన్నీ ముందే సిద్ధం చేశారు. అంబులెన్సు లేకుంటే రేసు మొదలు కాదు, ఉన్నది వెళ్లిపోతే మరొకటి వచ్చేదాకా ఆపేస్తారు.

ఈ చరిత్ర నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దార్లు తీసుకోవాల్సింది ఇంజన్ బలం కాదు, ఒక అలవాటు. ట్రాక్ మీద ఒక్కరు పోతే కారణం వెతుకుతారు, నియమం రాస్తారు, అది అందరికీ వర్తిస్తుంది. పాటించని బండిని బయలుదేరనివ్వరు. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా అడవి మలుపుల్లోనూ, 44వ రహదారి కల్వర్టుల దగ్గరా ప్రమాదం జరిగిన ప్రతి చోటునూ ఆ దృష్టితో చూడాలి. అడ్డుగోడ కట్టాలి, మలుపు సరిచేయాలి, రాత్రి బస్సుల్లో అత్యవసర తలుపు తెరుచుకుంటుందో లేదో బయలుదేరే ముందే పరీక్షించాలి, డ్రైవర్ పని గంటలను లెక్కపెట్టాలి.

2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వారిలో 16,715 మంది సీటు బెల్టు పెట్టుకోనివాళ్లు, అందులో సుమారు సగం మంది డ్రైవర్లు కాదు, ప్రయాణికులు. పంజరం, ఇంధన సంచి, మెడపట్టీ మామూలు కారుకు రాకపోవచ్చు. మూడు బిందువుల బెల్టు మాత్రం ఇప్పటికే మీ కారులో, వెనుక సీటులో కూడా ఉంది. శ్రీశైలం పోయినా, జోగులాంబ దర్శనానికి అలంపూర్ పోయినా, ముందు కూర్చున్నా వెనుక కూర్చున్నా, బండి కదలకముందే అందరూ బెల్టు పెట్టుకోండి, పిల్లలకు పెట్టండి. అద్దె కారు డ్రైవర్‌కు నిద్ర వస్తుంటే ఆపించి టీ తాగించండి, అరగంట పడుకోనివ్వండి. ఆలస్యంగానైనా ఇంటికి చేరడమే ముఖ్యం.