మెహర్ కాగితం: నంద్యాల నుంచి చూస్తే ముస్లిం స్త్రీల సంస్కరణ (భాగం 11)



పోయిన భాగం చదివి నంద్యాలలో డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మా స్టడీ సర్కిల్‌లో తలాక్ మీద చర్చ పెడదామంటే సగం మంది వద్దంటున్నారు. అది వాళ్ల మతం లోపలి సంగతి, మనం నోరు తెరిస్తే బీజేపీకి మేలు చేసినట్టే అంటున్నారు. ఏం చెప్పమంటావ్?" అని అడిగాడు.

ఫోన్లో తేలే సంగతి కాదు, రాస్తానని చెప్పాను. ఆ ప్రశ్నలోనే ఒక లోపముంది. మాట్లాడాలా వద్దా అని మనం తర్జనభర్జన పడుతున్నాం. ముస్లిం స్త్రీలు మాట్లాడటం మొదలుపెట్టి వందేళ్లు దాటింది. ముందు వాళ్లేం చెప్పారో వినాలి కదా.

దానికంటే ముందు ఒక కాగితం సంగతి చెప్తాను.

మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. మా పేట దాటగానే దూదేకుల ఇండ్లు. దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టే కులం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, నమాజు చదివేది అరబ్బీలో. ఆ ఇండ్లల్లో ఒకామెను నేను చిన్నప్పట్నుంచి పిన్నమ్మా అని పిలుస్తాను. పేరు రాయను. మా అమ్మా ఆమే ఒకే గుంపులో కలుపు తీతకు పోయేవాళ్లు. ఆమె మొగుడు బెంగళూరు పనికిపోయి అక్కడే ఇంకో పెళ్లి చేసుకున్నాడు. తలాక్ అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు, మూడుసార్లు కూడా అనలేదు. ఊరికే రావడం మానేసినాడు.

ఒకరోజు పెట్టెలోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. నికానామా. అంతా ఉర్దూ. ఆమెకు చదవరాదు, నాకూ రాదు. నంద్యాలకు తీసుకుపోయి తెలిసిన ఒక పెద్దాయన చేత చదివించాను. మెహర్ 501 రూపాయలు అని ఉంది. తిరిగొచ్చి చెప్తే పిన్నమ్మ నవ్వింది. "కాగితంలో రాసుకున్నారులే నాయనా. నా చేతికి ఎప్పుడొచ్చె? ఇరవై ఏండ్లు పెట్టెలో దాచుకుంటి, అందులో ఏముందో ఇప్పుడు తెలిసె" అంది.

ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని ఈ చరిత్రను చదువుదాం.

మన తెలుగు నేల మీద ముస్లిం స్త్రీల సంస్కరణ అనగానే హైదరాబాద్ వైపు చూడాలి. సుగ్రా హుమాయూన్ మీర్జా అక్కడ ఉర్దూలో రచయిత్రి, సంపాదకురాలు. స్త్రీల కోసం 'అన్-నిసా' అనే పత్రిక నడిపారు. నవలలు రాశారు, విదేశాలు తిరిగి యాత్రా కథనాలు రాశారు. పరదా వదిలి బయటికొచ్చి సభల్లో మాట్లాడారు. 1934లో తండ్రి సఫ్దర్ అలీ పేరు మీద 'సఫ్దరియా' ఆడపిల్లల బడి పెట్టారు. చదువుతో పాటు చేతిపని కూడా నేర్పాలన్నది ఆమె పట్టు. చదువుకున్న ఆడది ఇల్లు చెడగొడుతుందని పెద్దమనుషులు అనే రోజుల్లో ఇదంతా చిన్న పని కాదు.

ఆ తరంలోనే తయ్యిబా బేగం ఉన్నారు. నిజాం కొలువులో పెద్ద పదవులు చేసిన సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ కూతురు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి బి.ఏ. పట్టా తీసుకున్న తొలితరం ముస్లిం స్త్రీ. ఆమె కూతురే మాసూమా బేగం. తల్లి పరదా లోపల నుంచి మొదలుపెట్టిన పనిని కూతురు శాసనసభ దాకా తీసుకుపోయారు. 1952 ఎన్నికల్లో పాతబస్తీలోని శాలిబండ నుంచి, 1957లో పత్తర్‌గట్టి నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచారు.

ఇక్కడ మన కర్నూలు జిల్లా కథలోకి వస్తుంది. 1960 జనవరిలో దామోదరం సంజీవయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. కర్నూలు పక్కన పెద్దపాడులో పుట్టిన దళితుడు, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. ఆ ఏడాదే మాసూమా బేగం మంత్రి అయ్యారు. సాంఘిక సంక్షేమం, ముస్లిం ధర్మాదాయాలు ఆమె చేతికొచ్చాయి. ఒక ముస్లిం స్త్రీ మసీదు, దర్గా ఆస్తుల శాఖకు మంత్రి! మసీదు కమిటీలో ఆడమనిషికి చోటేంటి అని ఇప్పటికీ అడిగేవాళ్లకు 1960ని గుర్తుచేయండి. మన పాఠ్యపుస్తకాల్లో సంజీవయ్య పేరైనా ఒక వాక్యంలో దొరుకుతుంది. మాసూమా బేగం పేరు అది కూడా దొరకదు.

1962లో అదే పత్తర్‌గట్టిలో సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీ చేతిలో ఆమె ఓడిపోయారు. దాన్ని సంస్కరణ మీద ప్రజాతీర్పు అని రాస్తే తప్పు. 1948 పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ ముస్లింలు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, భయంలో బతికారు. ఆ భయానికి కాంగ్రెస్ దగ్గర జవాబు లేదు. మజ్లిస్ దగ్గర కనీసం ఒక గొంతు ఉంది. భయపడుతున్న సమాజం తన లోపలి తప్పులు మాట్లాడే మనిషిని పక్కన పెడుతుంది, తనను కాపాడతానన్న మనిషి వెనక నిలబడుతుంది.

బాబాసాహెబ్ ఈ మాట 1940లోనే చెప్పారు. పాకిస్తాన్ మీద రాసిన పుస్తకంలో పరదాను, బహుభార్యాత్వాన్ని ఆయన గట్టిగా విమర్శించారు. సంఘీలు అంతవరకే కత్తిరించి వాట్సాప్‌లో తిప్పుతారు. ఆ తర్వాతి పేజీలు చదవరు. టర్కీ లాంటి చోట్ల ముస్లింలు సంస్కరణకు సిద్ధపడుతుంటే ఇక్కడెందుకు ఆగిపోయిందని ఆయన ప్రశ్న వేసుకున్నారు. చుట్టూ హిందూ మెజారిటీ ఉంది, దానితో ఎప్పుడూ పోరాటమే అనుకున్నప్పుడు, లోపల చీలిక తెచ్చే ప్రతి ప్రశ్ననూ జనం అటకెక్కిస్తారని జవాబు చెప్పుకున్నారు. అంటే బయటి మతతత్వం ఎంత పెరిగితే లోపలి స్త్రీకి అంత ఊపిరాడదు. ముస్లిం స్త్రీని కాపాడతామంటూ ముస్లింల ఇండ్లు కూలగొట్టేవాళ్లు ఆమెకు రెండు వైపులా అన్యాయం చేస్తున్నారు.

సరే, సుగ్రా, తయ్యిబా, మాసూమా ముగ్గురికీ సలాం. కానీ పిన్నమ్మ కాగితం నా చేతిలోనే ఉంది. వాళ్ల సంస్కరణ ఆమె ఇంటి దాకా ఎందుకు రాలేదు?

మొదటి కారణం కులం, వర్గం. ఇస్లాంలో కులం లేదు, ముస్లింలలో ఉంది. ఆ ముగ్గురూ అష్రాఫ్ కుటుంబాల స్త్రీలు. వాళ్లకు మొదటి గోడ పరదా. పరదా దాటడమే వాళ్లకు విముక్తి. దూదేకుల ఆడమనిషికి ఆ గోడ అంతగా లేదు. ఎండలో కలుపు తీసేదానికి జనానా ఎక్కడిది? ఆమె ఎప్పుడూ బయటే ఉంది. ఆమెకు కావలసింది కూలి, భూమి, చదవగలిగిన కాగితం, వదిలేసిన మొగుడి నుంచి మనోవర్తి. సావిత్రీబాయి ఒక బ్రాహ్మణ వితంతువు బాధనూ ఒక మాంగు పిల్ల బాధనూ ఒకే లెక్కలో కట్టలేదు. మనమూ కట్టకూడదు.

రెండో కారణం పాలన వేరు. అది నిజాం రాజ్యం. నంద్యాల, ఆళ్లగడ్డలు 1800లో నిజాం వదులుకున్న దత్తమండలంలోవి, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేవి. అందుకే మన ప్రాంతపు ముస్లిం స్త్రీల చరిత్ర హైదరాబాద్ పత్రికల్లో కంటే మద్రాసు చట్టాల్లో ఎక్కువ దొరుకుతుంది. నాలుగు తేదీలు రాసిపెట్టుకోండి.

1880: ఖాజీల చట్టం. మొదట వర్తించింది మద్రాసు ప్రెసిడెన్సీకే. ఖాజీని ప్రభుత్వం నియమించొచ్చు, కానీ ఆయనకు న్యాయాధికారం ఏదీ ఉండదని ఆ చట్టమే చెప్పింది. నూట నలభై ఏళ్ల కిందటే! ఇప్పటికీ ఊళ్లల్లో పెద్దలు చెప్పిందే కోర్టు తీర్పు అనుకునే ఆడవాళ్లున్నారు.

1937: షరియత్ చట్టం. ఆచారం పేరుతో ఆడపిల్లకు వాటా ఎగ్గొట్టడం చెల్లదు, షరియత్ ప్రకారం పంచాల్సిందే అన్నారు. కానీ వ్యవసాయ భూమిని మినహాయించారు. పల్లెలో ఆస్తి అంటేనే పొలం. దాన్ని వదిలేస్తే ఇంక మిగిలేదేముంది?

1939: ముస్లిం వివాహాల రద్దు చట్టం. మొగుడు నాలుగేళ్లు జాడ లేకపోయినా, రెండేళ్లు పోషణ చూడకపోయినా, హింసించినా భార్య కోర్టుకెళ్లి పెళ్లి రద్దు చేయించుకోవచ్చు. దీని వెనక ఉలేమాలూ ఉన్నారు. హనఫీ పద్ధతిలో దారి దొరకక ఆడవాళ్లు మతం మారి పెళ్లి తెంచుకుంటుంటే, మాలికీ పద్ధతి నుంచి నియమాలు తెచ్చుకోవచ్చని అష్రఫ్ అలీ థాన్వీ లాంటి సనాతన పండితుడే ఒప్పుకున్నారు. షరియత్‌ను ముట్టుకోకూడదు అనేవాళ్లకు ఇది చెప్పండి. అవసరం తోసుకొచ్చినప్పుడు ముట్టుకున్నారు.

1949: మద్రాసు ప్రభుత్వం షరియత్ చట్టాన్ని సవరించి, వ్యవసాయ భూమిని కూడా అందులోకి తెచ్చింది. అప్పుడు కర్నూలు జిల్లా మద్రాసులోనే ఉంది. అంటే నంద్యాల, ఆళ్లగడ్డల ముస్లిం ఆడపిల్లకు నాన్న పొలంలో వాటా అప్పుడే చట్టంలోకి వచ్చింది. కొడుకు వాటాలో సగమే అయినా వచ్చింది. ఎంతమందికి చేతికందింది? అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందని వదులుకుంటారు. దీన్ని చూసి మనం నవ్వాల్సిన పనిలేదు. మన పేటల్లో అసైన్‌మెంట్ పట్టాల సంగతి వచ్చినప్పుడు అక్కచెల్లెళ్లకు మనమేం ఇచ్చామో ఎవరి గుండె మీద వాళ్లు చెయ్యి వేసుకోండి.

ఇంకో మాట. 'సంస్కరణ' అని రెండు పనులకూ పేరుంది. స్త్రీకి హక్కు ఇవ్వాలనేది ఒక సంస్కరణ. స్థానిక ఆచారాలన్నీ కడిగేసి మతాన్ని 'శుద్ధి' చేయాలనేది ఇంకోటి. రాయలసీమలో పీర్ల పండగంటే మాల, మాదిగ, దూదేకుల అందరిదీ. గూగూడు కుళ్లాయిస్వామి దగ్గర చూడండి, ఎవరు ఏ మతమో తేల్చలేరు. దర్గా దగ్గర ఆడవాళ్లు కూర్చుంటారు, ఏడుస్తారు, మొక్కుకుంటారు, తమ గోడు తామే చెప్పుకుంటారు. అది ఇస్లాం కాదు మానేయండి అని చెప్పే శుద్ధివాదం వచ్చినప్పుడు మొదట పోయేది ఆడవాళ్లు కూర్చునే ఆ చోటు. మెహర్ సంగతి, వాటా సంగతి మాత్రం శుద్ధి జాబితాలో ఉండవు. ఖురాన్‌లో స్పష్టంగా ఉన్నవి అవే అయినా!

ఇక కోర్టుల సంగతి. 1985లో షాబానో గెలిచింది. 1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం చట్టం తెచ్చి ఆ గెలుపును లాక్కోబోయింది. 2001లో డేనియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే స్త్రీకి అనుకూలంగా చదివింది. 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో ముమ్మారు తలాక్ చెల్లదంది. 2019లో మోదీ ప్రభుత్వం దాన్ని మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం చేసింది. 2024 జూలై 10న సుప్రీంకోర్టు మళ్లీ, ఈసారి తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా అందరు స్త్రీల లాగే సెక్షన్ 125 కింద మనోవర్తి అడగొచ్చని తేల్చింది.

పిన్నమ్మ మొగుడు తలాక్ అనలేదు. 2019 చట్టం ఆమెకు ఎందుకూ పనికిరాదు. ఆ చట్టం కోసం సంబరాలు చేసుకున్నవాళ్లకు గానీ, దానికి ఎదురు ఊరేగింపులు తీసినవాళ్లకు గానీ ఆమె కనపడలేదు. ఆమెకు పనికొచ్చేవి 1939 చట్టం, పాత సెక్షన్ 125. అదే ఇప్పుడు కొత్త నాగరిక్ సురక్షా సంహిత బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 144. మొగుడు ఇంకో పెళ్లి చేసుకుంటే భార్య విడిగా ఉండి కూడా మనోవర్తి అడగొచ్చు. ఇవి ఆమెకు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

చెప్పేవాళ్లు లేకపోలేదు, మన దాకా రాలేదంతే. కవయిత్రి జమీలా నిషాత్ 2002లో హైదరాబాద్ పాతబస్తీలో 'శాహీన్' సంస్థ పెట్టారు. గుజరాత్ మారణకాండ జరిగిన ఏడాది అది. గల్ఫ్ ముసలివాళ్లకు చిన్నపిల్లలను కట్టబెట్టే ఉత్తుత్తి పెళ్లిళ్ల మీద, గృహహింస మీద ఆ బస్తీల్లోనే ఉండి పనిచేశారు. ముస్లిం స్త్రీలతో పాటు దళిత, బీసీ స్త్రీలనూ కలుపుకున్నారు. సుగ్రా బేగం జనానా తలుపు తెరిస్తే, ఈమె బస్తీ తలుపు తట్టారు. నంద్యాల పరుపుల వీధి తలుపు ఇంకా ఎవరూ తట్టలేదు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. చర్చ పెట్టండి. కానీ వేదిక మీద మీరు కూర్చోవద్దు. మీ కాలేజీలో చదివే దూదేకుల, షేక్, సయ్యద్ ఆడపిల్లలను అడగండి, ఏం మాట్లాడాలో వాళ్లను తేల్చమనండి. మీరు కుర్చీలు వేయండి, పోస్టర్లు అంటించండి, గొడవ వస్తే ముందు నిలబడండి. సంస్కర్తలం అనుకుని పోవద్దు, కలుపు చేలో పక్క సాలులో పనిచేసిన తల్లుల బిడ్డలుగా పోండి.

పెద్ద డిమాండ్లు తర్వాత. మొదట చిన్నది అడగండి. నికానామా తెలుగులో కూడా ఉండాలి. ఒక ప్రతి పెళ్లికూతురి చేతిలో పెట్టాలి. సంతకం చేసే ముందు పైకి చదివి వినిపించాలి. మెహర్ అంకె ఆమె ఒప్పుకున్నాకే రాయాలి. దీనికి ఏ పార్లమెంటూ అక్కర్లేదు, ఏ మతగ్రంథమూ అడ్డం రాదు.

మొన్న ఊరికి పోయినప్పుడు పిన్నమ్మ నికానామాను తెలుగులో రాయించి ఇచ్చాను. ఆమె చదవలేదు. కూతుర్ని పిలిచి పైకి చదవమంది. అంతా విని, "501 అని వాళ్లు రాస్తే నేను తల ఊపినానంట. ఈ పిల్లకు అట్ల కానియ్యను నాయనా" అంది. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

వచ్చే భాగంలో 1950 రాష్ట్రపతి ఉత్తర్వు గురించి, ఇస్లాంలోకి, క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఎందుకు లేదో రాస్తాను.

జై భీమ్.